చిన్నపిల్లలతో ఎండాకాలం: ఒంటిపూట షికారు ఎలా చేయాలి

బళ్లకు వేసవి సెలవులు ఇచ్చారో లేదో, రెండేళ్ల నుంచి ఆరేళ్ల వయసు పిల్లలున్న అమ్మానాన్నలంతా అడిగేది ఒకటే. "ఈ ఎండల్లో పిల్లల్ని బయటికి తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్తే ఎక్కడికి? ఇంట్లోనే ఉంచితే సాయంత్రం దాకా ఏం ఆడించాలి?"

తీసుకెళ్లొచ్చు. అయితే ముందు వేళ చూసుకోవాలి, చోటు సంగతి తర్వాత. ఎండాకాలంలో బడులు ఒంటిపూట నడిచినట్టే షికారు కూడా ఒంటిపూటే ఉండాలి. పొద్దున్నే బయల్దేరి పదిన్నరకల్లా ఇల్లు చేరడం ఒక పద్ధతి. సాయంత్రం ఐదున్నర దాటాక వెళ్లి రాత్రి ఎనిమిదికల్లా తిరిగి రావడం రెండోది. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు నీడపట్టున ఉండాల్సిందే. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతుంది. ఆటలో పడితే దాహం సంగతే మర్చిపోతారు. ఎత్తు తక్కువ కాబట్టి రోడ్డు నుంచి వచ్చే సెగ నేరుగా వాళ్ల ముఖానికే కొడుతుంది.

ఏడాదిలోపు పిల్లలుంటే పొద్దుటి షికారు మానేసి సాయంత్రం కాసేపు తిప్పండి, చాలు. ఆరు నెలల్లోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలే నీళ్లు. విడిగా నీళ్లు పట్టించొద్దు. మామూలుకంటే ఎక్కువసార్లు పాలివ్వండి.

కావలసినవి

- నీళ్లు: నాలుగు గంటల షికారుకు ఒక్కో బిడ్డకు అర లీటరు, పెద్దవాళ్లకు తలా ఒక లీటరు. ఇవి కాక ఇంకో లీటరు అదనంగా. స్టీలు సీసా ఎండలో పెడితే బాగా వేడెక్కుతుంది, తడి గుడ్డ చుట్టి సంచి లోపల పెట్టండి.
- పల్చటి మజ్జిగ, చిటికెడు ఉప్పు వేసి. ఫ్లాస్కులో పోస్తే పులవదు.
- ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. ఇవి అవసరం పడితేనే, ముందే కలపొద్దు.
- లేతరంగు, వదులుగా ఉండే నూలు బట్టలు, పొడుగు చేతులవి. ఇంకో జత మార్చడానికి.
- చుట్టూ అంచున్న టోపీ. ముందు మాత్రమే అంచున్న క్యాప్ పెడితే చెవులు, మెడ మాడిపోతాయి.
- గొడుగు, రెండు తువ్వాళ్లు (ఒకటి తడపడానికి), చిన్న దుప్పటి, తడి చెత్తకు ఒక సంచి.
- వేళ్లు కప్పే చెప్పులు. సిమెంటు గచ్చు మీద, ఇసుక మీద వట్టికాళ్లతో నడిస్తే పొక్కులు వస్తాయి.
- థర్మామీటరు, బ్యాండేజీ, దోమల మందు, పిల్లలకు రోజూ వాడే మందులు.
- ఆరు నెలలు దాటిన పిల్లలకు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. బయల్దేరే 20 నిమిషాల ముందు రాయాలి. రెండు గంటలకోసారి, నీళ్లలో ఆడాక ఇంకోసారి రాయాలి. ఇది లేకపోయినా పొడుగు చేతుల చొక్కా, టోపీతో చాలా వరకు గడిచిపోతుంది.

తినడానికి ఏం తీసుకెళ్లాలనే దగ్గర చాలామంది తడబడతారు. పెరుగన్నం తీసుకెళ్తే తొమ్మిదికల్లా పులిసి, పిల్లలు ముఖం తిప్పేస్తారు. దీనికి పాత ఉపాయమే పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి ఒక కప్పు మెత్తటి అన్నాన్ని గోరువెచ్చటి పాలు ఒక కప్పు పోసి మెదపండి. చల్లారాక ఒక్క చెంచా పెరుగు, కొంచెం ఉప్పు కలపండి. తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య తినేసరికి అప్పుడే తోడుకుని కమ్మగా ఉంటుంది. అన్నం వేడిగా ఉండగానే పెరుగు వేస్తే విరిగినట్టవుతుంది. కారం లేని పులిహోర, ఇడ్లీ కూడా నిలుస్తాయి. పాలకోవా, కొబ్బరి పచ్చడి, ఉడకబెట్టిన గుడ్డు ఇంట్లోనే పెట్టి తినిపించండి, సంచిలో వద్దు.

పుచ్చకాయ, కీరా ఇంట్లోనే కోసి డబ్బాలో పెట్టుకోండి. బండి మీద కోసిపెట్టిన ముక్కలు కొనొద్దు. ద్రాక్ష పండును నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. తాటిముంజలు జారుడుగా ఉంటాయి కాబట్టి నాలుగేళ్లలోపు పిల్లలకు పైపొర తీసి, సన్నటి ముక్కలు చేసి, కూర్చోబెట్టే పెట్టండి. పల్లీలు, పాప్‌కార్న్, గట్టి బిళ్లలు ఆ వయసుకు అసలు వద్దు. నడుస్తున్న కారులో ఇస్తే మరీ ప్రమాదం. గొంతుకు అడ్డంపడినా ముందు సీట్లో ఉన్నవాళ్లకు తెలియదు.

షికారు రోజు: వరసగా ఏం చేయాలి

1. ముందు రోజు సాయంత్రం వాతావరణం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తు నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది. తెలంగాణకు హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా ఇస్తుంది. మీ ప్రాంతానికి తీవ్ర వడగాడ్పు అని ఉంటే పొద్దుటి షికారు కూడా వాయిదా వేయండి. కోస్తాలో ఉన్నవాళ్లు డిగ్రీలొక్కటే చూసి మోసపోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే విశాఖలో 36 డిగ్రీలు రామగుండంలో 40 కంటే పిల్లల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు.

2. రాత్రే సంచి సర్దేయండి. పొద్దున సర్దడం మొదలుపెడితే ఆరున్నరకు కదలాల్సినవాళ్లు ఎనిమిదింటికి కదులుతారు. ఒంటిపూట షికారు చెడిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

3. చోటు ఒక్కటే పెట్టుకోండి. జూ, ఆ తర్వాత మ్యూజియం, దారిలో చుట్టాలిల్లు అంటూ కలపొద్దు. మూడేళ్ల బిడ్డకు కొత్తచోట గంటన్నర చాలు. రెండు గంటలైతే చిరాకు మొదలవుతుంది.

4. పొద్దున ఆరుకి లేపి పాలో, గ్లాసు నీళ్లో తాగించి, తేలిగ్గా టిఫిన్ పెట్టండి. ఘాటు రోడ్డు ప్రయాణమైతే పాలు వద్దు, ఇడ్లీ చాలు.

5. బండి సంగతి. కారులో పిల్లలు వెనక సీట్లో, వాళ్ల వయసుకు సరిపోయే సీటులో కూర్చోవాలి. ఎండలో నిలిపిన కారెక్కించే ముందు సీటుబెల్టు ఇనుప కొక్కెం మీద మీ చేతి వెనకభాగం ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే బిడ్డ తొడ కాలినట్టే. తలుపులన్నీ తీసి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు ఏసీ వేయండి. టూవీలరైతే తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్, నడిపేవాళ్లకు కలిపి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్రం తెచ్చిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టే అలవాటు మానేయండి. వేడి ట్యాంకు, ఎదురుగాలి, దుమ్ము అన్నీ బిడ్డకే తగులుతాయి.

6. చేరగానే రెండు పనులు చేయాలి. టాయిలెట్ ఎక్కడుందో చూసుకోవడం, నీడలో కూర్చునే చోటు ఒకటి గుర్తుపెట్టుకోవడం. ఎవరైనా తప్పిపోతే కలుసుకునే చోటు కూడా అదే. బిడ్డ చొక్కా లోపలివైపు మీ ఫోన్ నంబరు రాసిన చీటీని పిన్నీసుతో కాకుండా టేపుతో అంటించండి. ఆ పొద్దున వేసిన బట్టలతో బిడ్డకు ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

7. ఇరవై నిమిషాలకోసారి నీళ్లు పట్టించండి, నాలుగైదు గుక్కలు. "దాహం వేస్తోందా?" అని అడిగితే "లేదు" అంటారు. అడక్కుండా సీసా చేతికివ్వండి. ఫోన్‌లో అలారం పెట్టుకోవడం మంచిది.

8. గంట గడిచాక నీడలో కూర్చోబెట్టి తినిపించండి. తడి తువ్వాలుతో ముఖం, మెడ, చేతులు తుడవండి. టోపీ కింద జుట్టు తడిసి ముద్దయితే టోపీ తీసి గాలి తగలనివ్వండి.

9. తొమ్మిదిన్నరకు తిరుగుముఖం పట్టండి. పిల్లలు ఇంకా ఆడతామంటారు. పది నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఒకసారి చెప్పి, చెప్పిన వేళకే కదలండి. "ఇంకొంచెంసేపే" అని సాగదీస్తే పదకొండు దాటుతుంది. ఏడుపు, వాంతి, జ్వరం లాంటి కథలన్నీ ఆ చివరి గంటలోనే మొదలవుతాయి.

10. ఇంటికి రాగానే చల్లటి నీళ్ల స్నానం, ఐసు నీళ్లతో కాదు. మజ్జిగ, భోజనం, నిద్ర.

ఎక్కడికి వెళ్లొచ్చు

హైదరాబాద్‌లో నెహ్రూ జూ పార్కు. సోమవారం సెలవు. సుమారు 380 ఎకరాల చోటు కాబట్టి మొత్తం చూడాలని పెట్టుకోవద్దు. గేటు తెరిచే వేళకే చేరండి. ఎండ ముదిరితే జంతువులు కూడా నీడకు చేరి పడుకుంటాయి, పిల్లలకు కనిపించేది తోక మాత్రమే. ముందు ఏనుగు, జిరాఫీ, పులి లాంటి మూడు పెద్ద జంతువులు చూపించి, ఎండ ఎక్కేసరికి నిశాచర జంతువుల శాలకు వెళ్లండి. లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది. చీకటికి భయపడే పిల్లల్ని ఎత్తుకోండి. బ్యాటరీ బండి ఎక్కి తిరిగితే నడక బాధ తప్పుతుంది. ప్లాస్టిక్ కవర్లు, సీసాల మీద ఆంక్షలుంటాయి, స్టీలు డబ్బాలు తీసుకెళ్లండి.

ఆదివారం జూకి వెళ్లకపోవడమే మేలు. క్యూలోనే గంట పోతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడి గడియారం చిన్నపిల్లలకు మంచి కాలక్షేపం. కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తి వేస్తుంటుంది. గంట కాగానే గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంటలు కొడుతుంది. పన్నెండు గంటలు వినాలని జనమంతా మధ్యాహ్నమే మూగుతారు. మ్యూజియం లోపలంతా నీడే కాబట్టి మీరు నాలుగు గంటలు కొట్టే వేళకు వెళ్లండి. జనం తగ్గుతారు, పైగా నాలుగు దెబ్బలు మూడేళ్ల బిడ్డ కూడా లెక్కపెట్టగలదు. మూడున్నరకు లోపలికి చేరి, ముందు బొమ్మల గది చూపించి, నాలుగింటికి పది నిమిషాల ముందు గడియారం దగ్గర కూర్చోండి. సంచులు కౌంటరులో పెట్టాల్సి ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లే ముందే నీళ్లు తాగించండి.

నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం నాలుగేళ్లు దాటినవాళ్లకే బాగుంటుంది. దీపాలన్నీ ఆర్పేసి, పెద్ద శబ్దం వస్తే అంతకంటే చిన్నవాళ్లు జడుసుకుంటారు. తెలుగు ప్రదర్శన వేళ అడిగి వెళ్లండి, తలుపు దగ్గరి సీట్లలో కూర్చోండి.

విశాఖవాళ్లకు ఇందిరాగాంధీ జూ ఉంది, అదీ సోమవారం మూసే ఉంటుంది. సాయంత్రాలకు కైలాసగిరి. ఆర్కే బీచ్‌లో ఇసుక ఆటలే, నీళ్లలోకి వద్దు. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ, మోకాలి లోతులో నిలబడ్డ పెద్దవాళ్లనే కింద పడేస్తాయి. అలల అంచుకు పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ల మణికట్టు మీ చేతిలో ఉండాలి, వేళ్లు కాదు. తడి వేళ్లు జారిపోతాయి.

అరకు వెళ్లాలనుకుంటే పొద్దుటి కిరండూల్ రైలు పిల్లలకు పండగే. వరసగా వచ్చే సొరంగాలు లెక్కపెట్టడంలోనే దారి గడిచిపోతుంది. కానీ నాలుగు గంటల ప్రయాణం, కాబట్టి అది ఒంటిపూట పని కాదు. రాత్రి అరకులో ఉండేలా పెట్టుకోండి. ఒక్కరోజులో పోయి రావాలనుకుంటే ఐదేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లకండి. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి, మూడేళ్లలోపు వాళ్లను ఎత్తుకుని దిగాల్సిందే.

విజయవాడలో భవానీ ద్వీపం. పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ పిల్లల సైజుదే అడగండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది ఆ బిడ్డకు పనికిరాదు, నీళ్లలో పడితే ఒంటి నుంచి జారిపోతుంది. సరిపోయేది లేకపోతే పడవ మానేయండి.

రాజమండ్రివాళ్లకు కడియం నర్సరీలు దగ్గరే. పొద్దున ఏడింటికి చల్లగా ఉంటుంది. ఒక్కో బిడ్డను ఒక్కో మొక్క ఎంచుకోమనండి, తెచ్చుకున్నాక రోజూ నీళ్లు పోసే పని వాళ్లదే. ఆకులు నోట్లో పెట్టనివ్వకండి, మందు కొట్టి ఉండొచ్చు. వచ్చాక సబ్బుతో చేతులు కడగండి. వరంగల్‌లో హంటర్ రోడ్డు కాకతీయ జూ చిన్నది కాబట్టి గంటన్నరకు సరిగ్గా సరిపోతుంది. సాయంత్రమైతే భద్రకాళి చెరువు కట్ట.

ఇవేవీ దగ్గర్లో లేకపోతే పార్కు చాలు. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అరగంట కూర్చుని రైళ్లు చూపించినా మూడేళ్ల పిల్లలకు అది పెద్ద షికారే. ప్లాట్‌ఫారం టికెట్ మర్చిపోకండి. పార్కులో జారుడుబల్ల ఎక్కించే ముందు చేత్తో తాకి చూడండి. రేకుదైనా ప్లాస్టిక్‌దైనా ఎండలో చర్మం కాల్చే వేడికి చేరుతుంది. సాయంత్రం ఐదున్నరకు కూడా వేడి వదలకపోవచ్చు.

మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు పట్టి పిడుగులు పడతాయి. ఉరుము వినపడగానే చెట్టు కింద నుంచి లేచి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లిపోండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

మధ్యాహ్నం ఇంట్లో ఏం ఆడించాలి

నిద్ర లేచాక మూడు నుంచి ఐదున్నర దాకా ఉన్న సమయమే కష్టం. టీవీ అప్పుడే మొదలవుతుంది. రోజుకొక ఆట చొప్పున తిప్పితే ఈ నాలుగూ నెల రోజులకు సరిపోతాయి.

*టబ్బు ఆట.* వరండాలోనో బాత్రూములోనో వెడల్పు టబ్బు పెట్టి, నాలుగు అంగుళాల నీళ్లు పోయండి. గరిటెలు, జల్లెడ, గరాటు, స్టీలు గ్లాసులు ఇవ్వండి, బొమ్మలు అక్కర్లేదు. డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం సలసలమంటాయి. మొదట పైపులో నిలిచిన నీళ్లు బకెట్‌లోకి వదిలేసి, మోచేత్తో తాకి చూశాకే పోయండి. లేదా పొద్దున్నే పట్టి పెట్టుకోండి. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేయి చాచే దూరంలో, ఫోన్ లేకుండా కూర్చోవాలి. రెండు అంగుళాల నీళ్లలోనూ చిన్నపిల్లలు మునిగిపోతారు, అరుపు కూడా వినపడదు. ఆట అయిన వెంటనే నీళ్లు మొక్కలకు పోసి టబ్బు బోర్లించండి. "తర్వాత పోద్దాం" అనుకున్న టబ్బులే ప్రమాదం తెస్తాయి.

*పిండి బొమ్మలు.* రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, రెండు చెంచాల నూనె కలిపి, ముప్పావు కప్పు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండిలా కలపండి. పసుపు వేస్తే పసుపు రంగు, బీట్‌రూట్ రసంతో గులాబీ రంగు వస్తుంది. రసం వేస్తే ఆ మేరకు నీళ్లు తగ్గించండి. చేతికి అంటుకుంటే ఇంకో రెండు చెంచాల మైదా, పగుళ్లు వస్తే తడిచేత్తో మళ్లీ పిసకడం. మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ, తింటే పిల్లలకు ప్రమాదం. ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టే వయసైతే ఉప్పు లేని చపాతీ పిండే ఇచ్చి, సాయంత్రం పారేయండి.

*ఐసులో దాచిన బొమ్మలు.* స్టీలు డబ్బాలో మందారం రేకులు, ప్లాస్టిక్ జంతువుల బొమ్మలు వేసి నీళ్లు పోసి రాత్రంతా గడ్డకట్టించండి. పళ్లెంలో బోర్లించి, గోరువెచ్చటి నీళ్లు, ఒక చెంచా, కొంచెం ఉప్పు ఇచ్చి బొమ్మల్ని విడిపించమనండి. నాలుగేళ్లవాళ్లు అరగంట కదలరు. మింగేంత చిన్న బొమ్మలు వేయొద్దు.

*నీళ్లతో రంగులు.* ఎండ వాలాక వాకిట్లో, ప్రహరీ గోడ మీద పెద్ద బ్రష్షుతో ఉత్త నీళ్లతో గీయమనండి. ఆరిపోయి మాయమైతే మళ్లీ గీస్తారు. తుడిచే పని కూడా లేదు.

వామనగుంటలు, గచ్చకాయలు ఐదేళ్లు దాటాక నేర్పండి. చింతపిక్కలు ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసులో ఇవ్వకూడదు. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో ఉంటే ఆట అయ్యాక పిక్కలు లెక్కపెట్టి తీసేయండి.

రాత్రి ఎనిమిది దాటాక డాబా చల్లబడితే ఉత్తరం వైపు సప్తర్షి మండలం చూపించండి, మే నెలలో బాగా ఎత్తులో కనిపిస్తుంది. పిట్టగోడ ఎత్తు, అక్కడ వేసిన కుర్చీలు ఒకసారి చూసుకోండి. కుర్చీ ఉంటే గోడ ఎత్తు లెక్కలోకి రాదు.

అమ్మమ్మగారి ఊరికి వెళ్తే

సెలవుల్లో ఎక్కువమంది పిల్లలకు అసలు షికారు ఇదే, వెళ్లాల్సిందే. అయితే ఆ ఇల్లు చిన్నపిల్లల కోసం కట్టింది కాదు. సామాను దింపిన వెంటనే, పిల్లలు పరిగెత్తకముందే, ఒకరు ఇల్లంతా చుట్టి రావాలి.

గట్టు లేని బావి, నీళ్ల సంపు మూత, నిండుగా ఉన్న తొట్టి చూసుకోండి. సంపు మూతను తాళం లేకపోతే బరువైన రాయితో మూయండి. పురుగుమందు డబ్బాలు గదికి తాళం వేసి పెట్టించండి. కూల్‌డ్రింక్ సీసాలో పోసిన కిరోసిన్, ఫినాయిల్ ఎక్కడున్నా తీయించండి. కట్టెల మోపు, గడ్డివాము దగ్గర తేళ్లు, పాములు చల్లదనానికి చేరతాయి. చీకటి పడ్డాక టార్చి, చెప్పులు తప్పనిసరి. వీధికుక్క కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించండి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు.

కాలువలో, ఏటిలో స్నానాలు చిన్నపిల్లలకు వద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. నిన్న మోకాలి లోతున్న చోట ఈరోజు నిలువు లోతు ఉండొచ్చు.

తరచూ జరిగే తప్పులు

- స్ట్రోలర్ మీద ఎండ పడకుండా చీర కొంగో తువ్వాలో కప్పేస్తారు. గాలి ఆడక లోపల ఇంకా వేడెక్కుతుంది. గొడుగు పట్టండి.
- "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని నిద్రపోతున్న బిడ్డను కారులో వదిలి కొట్టుకు వెళ్తారు. మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం అంగుళం దించినా పెద్దగా తేడా ఉండదు. ఎంత ఇబ్బందైనా బిడ్డను దింపి తీసుకెళ్లండి.
- ఓఆర్ఎస్ పొట్లం సగం చించి గ్లాసులో కలుపుతారు. పొట్లం మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉందో (పెద్దది లీటరు, చిన్నది 200 మి.లీ.) మొత్తం అన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. మిగిలింది 24 గంటల తర్వాత పారేయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.
- ఓఆర్ఎస్ అనుకుని తియ్యటి పండ్ల పానీయాల డబ్బాలు కొంటారు. పేరులో ఆ అక్షరాలు వాడొద్దని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కానీ కొనేటప్పుడు మీరూ లేబుల్ చదవండి. గ్లూకోజు పొడి కూడా దీనికి బదులు కాదు. విరేచనాలు, వాంతులు, బాగా చెమట పట్టడం లేని మామూలు రోజున నీళ్లు, మజ్జిగ చాలు.
- చెమటకాయలు వచ్చాయని పౌడరు దట్టంగా చల్లుతారు. అది చెమటతో కలిసి రంధ్రాలు మూసేస్తుంది, పిల్లలు పీల్చినా మంచిది కాదు. రోజుకు రెండు స్నానాలు, వదులు బట్టలు, ఫ్యాను గాలి చాలు. చీము పట్టినా, సెగ్గడ్డలు వచ్చినా డాక్టరుకు చూపించండి.
- ఐస్ గోలా, చెరకురసంలో వేసే ఐసు. చెరకురసం ఐసు లేకుండా, మీ కళ్లముందు తీస్తేనే. కొబ్బరిబొండమైతే ఇంకా మంచిది.

అంతా సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

మూత్రం చూడండి. లేత పసుపుగా ఉండి, మూడు నాలుగు గంటలకోసారైనా పోస్తుంటే నీళ్లు సరిపోయినట్టే. ముదురు పసుపైతే తక్కువయ్యాయి, గంటలో రెండు మూడుసార్లు కొంచెం కొంచెం తాగించండి. ఆరు గంటలైనా పోయకపోయినా, నోరు ఎండినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా ఓఆర్ఎస్ మొదలుపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండేళ్లలోపు పిల్లలకు గ్లాసుతో ఎత్తిపోయకుండా రెండు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి.

మధ్యాహ్నం బాగా నిద్రపోయి, లేచి మామూలుగా ఆడుకుంటూ, రాత్రి అన్నం తింటే షికారు సరిగ్గా సరిపోయినట్టు. సాయంత్రం దాకా మందకొడిగా ఉన్నా, తలనొప్పి అన్నా వచ్చేసారి అరగంట తగ్గించండి.

ఎండదెబ్బ గుర్తులు వేరు. ఒళ్లు కాలిపోతూ 40 డిగ్రీల సెల్సియస్ (104 ఫారెన్‌హీట్) చేరడం, మాట తడబడటం, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం. చర్మం పొడిగా ఉండొచ్చు, చెమటతో తడిగానూ ఉండొచ్చు. ఇలా కనిపిస్తే 108కి ఫోన్ చేయమని పక్కవాళ్లకు చెప్పి, మీరు చల్లబరిచే పని మొదలుపెట్టండి. నీడకు చేర్చి, బట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడి గుడ్డలు పెట్టండి. స్పృహలో లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మందు ఈ వేడిని తగ్గించదు, దానికోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకండి, ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనూ తడి గుడ్డలు మారుస్తూనే ఉండండి.

ముందు రోజు జ్వరం, విరేచనాలు, వాంతులు ఉన్న బిడ్డ ఈరోజు హుషారుగా కనిపించినా బయటికి తీసుకెళ్లొద్దు. రెండు రోజులు ఇంట్లోనే ఆడించి, మూడోరోజు సాయంత్రం దగ్గరి పార్కుతో మొదలుపెట్టండి.